పిల్లలకు ల్యాప్‌టాప్: బరువు చూడాలా, వేగమా, ధరా?

2011 సెప్టెంబరు 15న అప్పటి ముఖ్యమంత్రి జయలలిత ఉచిత ల్యాప్‌టాప్ పథకాన్ని ప్రారంభించింది మన తిరువళ్లూరు జిల్లాలోనే, కాక్కళూరులో. ప్లస్ టూ పిల్లల చేతికి ప్రభుత్వమే కంప్యూటర్ ఇవ్వడం అప్పట్లో పెద్ద వార్త. ఆ పంపిణీ కొన్నేళ్లు సాగి ఆగిపోయింది. 2025 మార్చి 14న ప్రవేశపెట్టిన రాష్ట్ర బడ్జెట్‌లో ఆ మాట మళ్లీ వినిపించింది. రెండేళ్లలో 20 లక్షల మందికి ఇస్తామని, ఇందుకు 2,000 కోట్ల రూపాయలు కేటాయిస్తున్నామని ప్రకటించారు. 2026 జనవరిలో పంపిణీ మొదలైంది. ఈసారి లబ్ధిదారులు బడి పిల్లలు కారు, కళాశాల విద్యార్థులు.

ఈ తేడా మన ఇళ్లను నేరుగా తాకుతుంది. తిరుత్తణి, తిరువళ్లూరు పరిసరాల తెలుగు పిల్లల్లో పదో తరగతి దాటాక తమిళనాడు కళాశాలల వైపు వెళ్లేవారు కొందరైతే, సరిహద్దు దాటి నగరి, పుత్తూరు, తిరుపతి వైపు వెళ్లేవారు మరికొందరు. తమిళనాడు పథకం తమిళనాడు కళాశాలలకే. రెండోవైపు వెళ్లినవారు, ఇంకా ప్లస్ వన్, ప్లస్ టూలో ఉన్నవారు సొంత డబ్బుతోనే కొనుక్కోవాలి. చాలా ఇళ్లలో ఆ డబ్బు చీటీ పాడుకున్నదో, వాయిదాల మీద తెచ్చినదో అవుతుంది. ఒకసారి తప్పుగా కొంటే నాలుగైదేళ్లు దాన్నే భరించాలి. అందుకే ఏ బ్రాండు మంచిదన్న ప్రశ్నను పక్కన పెట్టి, మన పిల్లల అవసరానికి ఏది సరిపోతుందో లెక్క వేసి చూద్దాం.

బరువు: సంచిలో ఎంత చోటుంది?

కేంద్ర ప్రభుత్వ 2020 నాటి పాఠశాల సంచుల విధానం ప్రకారం సంచి బరువు పిల్లల శరీర బరువులో పదో వంతు మించకూడదు. 50 కిలోల అమ్మాయి మోయదగింది 5 కిలోలు. 15.6 అంగుళాల తెర ఉన్న మామూలు ల్యాప్‌టాప్ దాదాపు 1.7 కిలోలు ఉంటుంది. ఛార్జరు కలిపితే 2 కిలోలకు చేరుతుంది. అంటే పుస్తకం ఒక్కటీ పెట్టకముందే సంచిలో ఐదింట రెండు వంతులు నిండిపోయినట్టే.

14 అంగుళాల యంత్రం సాధారణంగా 1.4, 1.5 కిలోల దగ్గర ఉంటుంది. పావుకిలో తేడాయే కదా అనిపించవచ్చు. తిరుత్తణిలో పొద్దున్నే ఎలక్ట్రిక్ రైలెక్కి చెన్నై వైపు నిలబడి వెళ్లే పిల్లలకు ఆ పావుకిలో రోజూ తెలుస్తుంది. ఇంట్లో బల్ల మీదే ఉండే యంత్రానికైతే పెద్ద తెరే మేలు, కళ్లకు సుఖం. రోజూ మోసుకెళ్లేవారికి 14 అంగుళాలు చాలు.

బరువుతో పాటు బ్యాటరీ కూడా చూడాలి. దాని సామర్థ్యాన్ని వాట్ అవర్లలో చెబుతారు. ధర తక్కువ యంత్రాల్లో ఇది సుమారు 40 ఉంటుంది. పాఠాలు చూస్తూ, రాసుకుంటూ ఉంటే యంత్రం 8 వాట్లు ఖర్చు చేస్తుందనుకుందాం. 40ని 8తో భాగిస్తే 5 గంటలు. ప్రకటనలో 10 గంటలని రాసి ఉన్నా మనం నమ్మాల్సింది ఈ భాగాహారాన్నే.

వేగం: పేరు చూసి మోసపోవద్దు

దుకాణంలో మొదట చెప్పేది ప్రాసెసర్ పేరు. అక్కడే చిక్కు ఉంది. ఏఎండీ రైజెన్ 3 7320యూ అనే చిప్ పేరులో 7 వేల అంకె కనబడుతుంది కాబట్టి కొత్తదనుకుంటాం. లోపలున్నది 2019 నాటి జెన్ 2 నిర్మాణం. బడి చదువుకు ఇది పనికిరాదని కాదు, చక్కగా పనికొస్తుంది. కాకపోతే కొత్త చిప్ ధర పెట్టి కొనకూడదు. ఇంటెల్‌లో ఐ3 1215యూ 12వ తరానిది. అందులో 6 కోర్లు ఉన్నాయి. ఎన్100 చిన్న చిప్, 4 కోర్లే. కరెంటు తక్కువ తింటుంది. ఆన్‌లైన్ పాఠాలకు, టైపింగుకు సరిపోతుంది. ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్‌కు చాలదు.

ప్రాసెసర్ కన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి. ఒకటి ర్యామ్, 8 జీబీకి తగ్గకూడదు. 4 జీబీ యంత్రం కొన్నరోజు బాగానే ఉంటుంది. బ్రౌజరులో నాలుగు పేజీలు, పక్కన వీడియో పాఠం తెరిస్తే నత్తనడక పడుతుంది. ఆ ర్యామ్ బోర్డుకు అతికించి ఉందా, తర్వాత పెంచుకునే వీలుందా అని కూడా అడగండి. పైన చెప్పిన 7320యూ యంత్రాల్లో అతికించే ఉంటుంది. కొన్నప్పుడున్నదే చివరిదాకా. రెండోది ఎస్ఎస్‌డీ. బాగా చవకగా వచ్చే కొన్ని యంత్రాల్లో దాని బదులు ఈఎంఎంసీ అనే నెమ్మది రకం నిల్వ పెడతారు. 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉంటే బడి పిల్లలకు చాలు.

ధర: ప్రభుత్వ లెక్క వేరు, మన లెక్క వేరు

20 లక్షల మందికి రెండేళ్లంటే ఏడాదికి 10 లక్షల మంది. మొదటి ఏడాదికి 2,000 కోట్లు అనుకుంటే తలకు 20 వేల రూపాయలు. ప్రభుత్వం ఇరవై వేలలో కొంటోంది కదా, మనకూ ఆ ధరకు రావాలి అని పొరబడవద్దు. లక్షల యంత్రాలు ఒకే టెండరులో కొనేవారికి వచ్చే ధర, ఒక్కటి కొనే మనకు రాదు. ల్యాప్‌టాప్ మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంది. పైగా 2025 చివరి నుంచి మెమొరీ చిప్‌ల ధరలు ప్రపంచమంతటా పెరిగాయి. ఏఐ డేటా కేంద్రాలకు ఆ చిప్‌లు పెద్ద ఎత్తున పోతుండటమే కారణం. ఆ భారం ల్యాప్‌టాప్ ధర మీద పడింది. కాబట్టి తగ్గుతుందిలే అని నెలల తరబడి ఎదురుచూడటంలో లాభం లేదు. పండగ తగ్గింపులు వచ్చినప్పుడు కూడా తగ్గింపు శాతం కాక చివరికి కట్టే మొత్తాన్నే పోల్చుకోవాలి.

చెన్నై రిచీ స్ట్రీట్‌లో వాడిన ల్యాప్‌టాప్‌లు చవకగా దొరుకుతాయి. తీసుకోవచ్చు, కానీ ఒక తేదీ గుర్తుంచుకోండి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. 6, 7 తరాల యంత్రాలు ఇప్పుడు చవకగా రావడానికి ఇదొక కారణం. అలాంటిది ఇప్పటికే ఇంట్లో ఉంటే పారేయనక్కర్లేదు. ఉబుంటు, లేదా సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ ఉచితంగా ఎక్కించుకోవచ్చు. రెండింటిలోనూ తెలుగు రాయవచ్చు. కొత్తగా డబ్బు పెట్టేవారు మాత్రం 8వ తరానికి ముందుది కొనవద్దు.

మనకు నాలుగో కొలత ఉంది

బరువు, వేగం, ధర ఎవరైనా చూసేవే. మన ఇళ్లలో ఇంకొకటి చూడాలి. ఆ యంత్రంలో మన బిడ్డ తెలుగు రాయగలడా?

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఇళ్లలో తెలుగు నిలిచింది. బడిలో దాని చోటు కుదించుకుపోతూ వచ్చింది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేశాక ఆ చోటు మరింత ఇరుకైంది. తమిళం నేర్చుకోవడం మన పిల్లలకు మేలే, ఉద్యోగానికీ ఊరికీ అదే భాష. కానీ తెలుగు చేతిరాతకే పరిమితమై, కంప్యూటర్ మీద రాయడం రాకపోతే, ప్లస్ టూ దాటాక ఆ పిల్లలు తెలుగులో ఒక దరఖాస్తు కూడా రాయలేరు. మాట్లాడటం వచ్చి రాయడం రాని తరం ఇలాగే తయారవుతుంది.

నిజానికి దీనికి పైసా ఖర్చు లేదు. విండోస్ సెట్టింగుల్లో భాషల జాబితాకు తెలుగు చేర్చుకుంటే రెండు రకాల కీబోర్డులు వస్తాయి. ఒకటి ఫొనెటిక్, ఇంగ్లిష్ ఉచ్చారణ ప్రకారం కొట్టేది. రెండోది ఇన్‌స్క్రిప్ట్. మన పిల్లలకు ఇన్‌స్క్రిప్ట్ నేర్పడమే మంచిదని మా అభిప్రాయం. అందులో భారతీయ భాషలన్నింటికీ ఒకే అమరిక. కె కీ నొక్కితే తెలుగులో క, హిందీలో క, తమిళంలో క వస్తుంది. తమిళానికి రాష్ట్రంలో తమిళ్99 అమరిక వాడుకలో ఉన్నా, తమిళ ఇన్‌స్క్రిప్ట్ కూడా విండోస్‌లో దొరుకుతుంది. ఒక్కసారి వేళ్లకు అలవాటైతే రెండు భాషలూ అబ్బుతాయి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ప్రశ్నపత్రాలు, పాఠ్య పత్రాలు అను ఫాంట్లలో టైపు చేయించే అలవాటు ఇంకా ఉంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాల బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో చేయిస్తే ఫోనులోనైనా, ల్యాప్‌టాప్‌లోనైనా, లినక్స్‌లోనైనా ఒకేలా కనబడుతుంది. పిల్లవాడికి యంత్రం కొనిపెట్టేది తల్లిదండ్రులైతే, అందులో తెరుచుకునే పాఠం ఇవ్వాల్సింది బడి.

దుకాణానికి వెళ్లేముందు

తెలుగు పాఠ్యపుస్తకం పీడీఎఫ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్లండి. యంత్రాన్ని పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయించి ఎంతసేపు పడుతుందో చూడండి. పుస్తకం తెరిచి పేజీలు తిప్పించండి. తెలుగు కీబోర్డు చేర్చమని అడిగి లక్ష్మి, రాష్ట్రం, శాస్త్రం అని రాయించండి. ఒత్తులు సరిగ్గా పడాలి. ఛార్జరుతో సహా సంచిలో పెట్టి పిల్లలతో మోయించండి. వారంటీ మరమ్మతు కేంద్రం తిరువళ్లూరులో ఉందా, ప్రతిసారీ చెన్నై వెళ్లాలా అని అడగండి. బిల్లు తప్పక తీసుకోండి.

మా లెక్కలో ప్లస్ వన్ విద్యార్థికి సరిపోయేది ఇది: 14 అంగుళాలు, 1.5 కిలోల లోపు, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. ఇంతకు మించి పెట్టే ప్రతి వెయ్యికీ కారణం ఉండాలి. ప్రభుత్వాన్ని మనం అడగాల్సింది కూడా ఉంది. పంపిణీ మళ్లీ ప్లస్ టూ దాకా దిగిరావాలి. మైనారిటీ భాషా పిల్లలకు ఇచ్చే యంత్రంలో తమిళం, ఇంగ్లిష్‌తో పాటు వారి భాష కీబోర్డు కూడా ముందే చేర్చి ఇవ్వాలి. పంపిణీకి ముందు ఒక సెట్టింగ్ మారిస్తే అయిపోయే పని. అడగకపోతే మాత్రం ఎవరూ మార్చరు. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాట తీర్మానంగా రాయించి పంపుదాం.