పది గోళ్ళూ, ముప్పై రూపాయల సీసా

ఈ సంచికలో నిరుద్యోగ సమస్య మీద ఒక వ్యాసం ఉంటుంది. ఉన్నత విద్య ఎటు పోతోంది అన్న వ్యాసం తప్పకుండా ఉంటుంది. ఆధునిక కవిత్వం మీద ఎవరో ఒకరు రాసే ఉంటారు. వీటి నడుమ నేను గోళ్ళ రంగు గురించి రాస్తానంటే సంపాదకవర్గంలోని ఒక మిత్రుడు మొహం చిన్నబుచ్చుకుని, "అక్కా, జర సీరియస్‌ది ఏదన్న రాయరాదు" అన్నాడు. ఇది సీరియస్ విషయమే తమ్ముడూ. కడదాకా చదివి మాట్లాడు.

నేను రసాయనశాస్త్రం ఎమ్మెస్సీ రెండో సంవత్సరం విద్యార్థినిని. మా హాస్టలు గదిలో నలుగురం. గత రెండేళ్ళుగా ఆదివారం సాయంత్రాలు చవక రకం గోళ్ళ రంగులూ, అతికించుకునే ప్లాస్టిక్ గోళ్ళూ ప్రయత్నించి చూడటం మాకు సగం సరదా, సగం ప్రయోగం. సరుకంతా కోఠీలో సుల్తాన్‌బజార్ తోపుడుబళ్ళ మీదిదే. సీసా ముప్పై రూపాయలు, బేరమాడితే రెండు కలిపి యాభై. ఇరవైనాలుగు ప్లాస్టిక్ గోళ్ళ పెట్టె వందలోపు. నలుగురం పంచుకుంటే మనిషికి ఒక పూట టీ, సమోసా ఖర్చు కూడా కాదు. బ్యూటీ పార్లర్లో ఇదే పనికి ఎంత అడుగుతారో తెలుసుకుని మెట్లు దిగి వచ్చినవాళ్ళం కాబట్టి ఆ తేడా విలువ మాకు తెలుసు.

ఇంతకీ ఆ సీసాలో ఉన్నదేమిటి? ప్రధానంగా నైట్రోసెల్యులోజ్. అంటే నత్రికామ్లంతో సంస్కరించిన పత్తి. 1846లో షోన్‌బైన్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని లోకానికి ప్రకటించినప్పుడు అది తుపాకుల్లో పేల్చే మందు. తర్వాత సినిమా ఫిలిమయింది. 1920లలో అమెరికాలో మోటారు కార్లకు త్వరగా ఆరే రంగు అయింది. ఆ కార్ల రంగుకు దగ్గరి చుట్టమే మన గోటి మీద మెరుస్తున్నది. 1932లో రెవ్లాన్ కంపెనీ పుట్టింది ఈ గోళ్ళ రంగు అమ్మకంతోనే. మన దేశంలో 1952లో టాటావారు లాక్మే స్థాపించారు. ఆ పేరు ఒక ఫ్రెంచి సంగీత నాటకానిది, నాటకంలోని అమ్మాయి పేరేమో మన లక్ష్మికి వచ్చిన ఫ్రెంచి ఉచ్చారణ. లక్ష్మి పారిస్ దాకా వెళ్ళి గోళ్ళకు రంగేసుకుని తిరిగొచ్చిందన్నమాట! మోటారు సైకిలుకు వేలు పోసి రంగు వేయించుకుని, స్టిక్కర్లు అంటించుకునే సోదరులు మా ముప్పై రూపాయల సీసాను చూసి నవ్వేముందు ఈ బంధుత్వం కాస్త గుర్తుంచుకోవాలి.

ఆ నైట్రోసెల్యులోజ్‌ను ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ వంటి ద్రావణుల్లో కరిగిస్తారు. గోటి మీద రాయగానే ద్రావణి ఎగిరిపోతుంది, పొర మిగులుతుంది. ఆరడమంటే ఇంతే. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం కష్టాలు తీరతాయి. దళసరిగా ఒకేసారి పూస్తే పైపొర గట్టిపడి లోపలి ద్రావణికి దారి మూసుకుపోతుంది, బుడగలు లేస్తాయి, రాత్రి దుప్పటి అచ్చు మొత్తం గోటి మీద పడుతుంది. పల్చగా రెండు పూతలు, మధ్యలో ఓపిక. ఫ్యాను కింద చెయ్యి పెడితే పని తొందరగా అవుతుందనుకుంటారు గాని, పైపొరే తొందరగా ఆరేది. ఎర్ర రంగు నేరుగా గోటికి పూస్తే గోరు పచ్చబడుతుంది. కింద రంగులేని పూత ఒకటి ఉండాలి. సీసాలో రంగు చిక్కబడితే అసిటోన్ పోసి పల్చన చేయడం మా హాస్టల్లో అనాదిగా వస్తున్న ఆచారం. దానివల్ల పొర పెళుసెక్కి, మెరుపు పోయి, మర్నాటికే పెచ్చులూడుతుంది. ముప్పై రూపాయల సీసాకూ మూడొందల సీసాకూ మాకు కనిపించిన తేడా ముఖ్యంగా కుంచెలోనే. చవక కుంచె వెంట్రుకలు చీపురులా విడిపోతాయి. రంగు నిలవడంలో మాత్రం పెద్ద తేడా లేదు. బట్టలు ఉతికే చేతుల మీద రెండూ నాలుగో రోజుకే అంచుల్లో లేచిపోయాయి.

ఇంకొకటుంది. కుడిచేతివాటం మనిషి ఎడమచేతికి చక్కగా వేసుకుంటుంది. కుడిచేతి దగ్గరికొచ్చేసరికి చంటిపిల్ల ముగ్గేసినట్టు ఉంటుంది. అందుకని మేం ఒకరి కుడిచెయ్యి ఒకరం పట్టుకుంటాం. ఒక చేతిని పావుగంట కదలకుండా పట్టుకుని కూర్చుంటే మాటలు వాటంతట అవే వస్తాయి. స్కాలర్‌షిప్ రాని సంగతి, ఇంట్లో సంబంధాలు చూస్తున్న సంగతి, చదువు మానేద్దామనుకుంటున్న సంగతి, ఇవన్నీ నేను ఆ పావుగంటల్లో విన్నవే. కౌన్సెలింగ్ సెల్ బోర్డు కింద కూర్చుని ఎవరూ చెప్పలేదు.

ఇక ప్లాస్టిక్ గోళ్ళు. వీటితో పరీక్ష రాయవచ్చు, ఫోను నొక్కవచ్చు, తల గోక్కోవచ్చు. అన్నం కలపడం మాత్రం బ్రహ్మతరం కాదు. మెస్సులో సాంబారన్నం కలుపుతుంటే మా గదిలో ఒకామె ఉంగరపు వేలి గోరు ఊడి కంచంలో ములక్కాడ ముక్కల మధ్య కలిసిపోయింది. వడ్డించే అవ్వ "ఏందమ్మా, ఇదేం కూర?" అని అడిగింది. చెంచాతో తినే దేశంలో పుట్టిన వస్తువిది. చేత్తో తినేవాళ్ళకు సెలవు రోజు సాయంత్రం నుంచి రాత్రి భోజనం దాకానే దాని ఆయుష్షు. రోజుల తరబడి ఉంచితే ఇంకో తంటా. ప్లాస్టిక్ గోటికీ అసలు గోటికీ మధ్య నీరు చేరి, అక్కడ సూక్ష్మజీవులు పెరిగి గోరు ఆకుపచ్చగా మారవచ్చు. పీకేటప్పుడు బలవంతంగా లాగితే అసలు గోటి పొర కూడా లేచొస్తుంది. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది. చేతి గోరు మొదలు నుంచి కొస దాకా కొత్తది రావడానికి ఆరు నెలలు, అంటే మనకొక సెమిస్టరు.

వాటితో ఇచ్చే జిగురు గురించి గట్టిగా చెప్పాలి. అది సయనోఅక్రిలేట్. చిల్లరకొట్లో అయిదు రూపాయలకు దొరికే క్షణాల్లో అంటుకునే జిగురూ ఆ జాతిదే. నూలు బట్ట మీద ఒలికితే క్షణంలో గట్టిపడుతూ విపరీతమైన వేడి పుట్టిస్తుంది, బట్ట కింది చర్మం కాలుతుంది. ఒలికితే దూదితో తుడవకూడదన్నమాట. అసిటోన్ మరీ సులభంగా అంటుకునే ద్రవం. దాని ఆవిరి గాలికన్నా రెట్టింపు బరువు కనుక నేల వెంట పాకుతుంది. హాస్టలు గదుల్లో దొంగచాటుగా కరెంటు పొయ్యి మీద మ్యాగీ వండుకునే వారికీ, దోమల చక్రం వెలిగించుకునే వారికీ ఇది మనవి. తలుపూ కిటికీ తెరిచి, పొయ్యి ఆర్పి, తర్వాత సీసా మూత తీయండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను.

మా కింది అంతస్తులో ఒక అమ్మాయి, డిగ్రీ రెండో సంవత్సరం. సెల్‌ఫోన్లో వీడియో చూసి ఒక జెల్ సెట్టు తెప్పించుకుంది. చిన్న సీసాలు, వాటితోపాటు అరచేతిలో పట్టే దీపం ఒకటి. ఈ జెల్ మామూలు రంగు లాంటిది కాదు. ఇది ద్రావణి ఎగిరిపోయి ఆరదు. అందులోని మెథాక్రిలేట్ అణువులు దీపం కాంతికి ఒకదానితో ఒకటి గొలుసుకట్టి గట్టిపడతాయి. దీపం నాసిరకమైతే, పూత దళసరైతే, కొన్ని అణువులు గొలుసులో చేరకుండా మిగిలిపోతాయి. అవి చర్మానికి తగులుతూ పోతే ఒకరోజు శరీరం తిరగబడుతుంది. ఆ అమ్మాయికి మూడోసారి వేసుకున్న తర్వాత వేళ్ళ కొనల చుట్టూ బొబ్బలు, దురద, చర్మం చీలడం. పదిహేను రోజులు ఆమె ఎవరికీ చెప్పలేదు. ప్రాక్టికల్స్‌లో చున్నీ కొంగు వేళ్ళకు చుట్టుకుని నిలబడింది. మెస్సులో అందరూ తిన్న తర్వాత వచ్చి చెంచాతో తిన్నది. ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఏమంటరో నాకు ఎరికె గద అక్కా. ఫ్యాషన్ చేస్తే గిట్లనే అయితది అంటరు" అన్నది.

చివరికి చర్మవైద్యుల దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. పరీక్ష చేసి మెథాక్రిలేట్లు పడవని తేల్చారు. ఈ ఎలర్జీ ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జన్మంతా ఉంటుందట. పళ్ళలో గుంటలు నింపే పదార్థాల్లో, ఎముకల శస్త్రచికిత్సలో వాడే సిమెంటులో ఇవే తరహా రసాయనాలుంటాయి కాబట్టి ఇకముందు ఏ దంతవైద్యుని దగ్గరికెళ్ళినా ముందే చెప్పమని చీటీ రాసిచ్చారు. పంతొమ్మిదేళ్ళ పిల్లకు!

ఇది ఆమె ఒక్కతె దురదృష్టం కాదు. 2018లోనే బ్రిటన్ చర్మవైద్యుల సంఘం ఇళ్ళలో వాడే జెల్, అక్రిలిక్ గోళ్ళ సెట్ల గురించి హెచ్చరించింది. ఐరోపా సమాఖ్య ఇందులోని హెమా అనే రసాయనం ఉన్న గోళ్ళ సరుకును వృత్తి నిపుణులు మాత్రమే వాడాలని కట్టడి చేసింది. టీపీవో అనే మరో రసాయనాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. అమెరికాలో మిథైల్ మెథాక్రిలేట్ గోళ్ళ సరుకు మీద 1970లలోనే కోర్టుల దాకా వెళ్ళారు. మన దగ్గర 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారుచేసినవారి పేరు, ఊరు, ఎప్పటిలోగా వాడాలన్న తేదీ, లైసెన్సు నంబరు ముద్రించాలి. ఆ జెల్ సీసా తిప్పి చూస్తే ఒక పువ్వు బొమ్మ, మనకు రాని భాషలో నాలుగక్షరాలు తప్ప ఏమీ లేదు.

కనుక నా వాదం ఇది. ఆమె వేళ్ళకు హాని చేసింది పేరులేని సీసా. ఆ హానిని పదిహేను రోజులు పెంచి పోషించింది మన వెటకారం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చినవాళ్ళలో నోరు పారేసుకునే మనమందరం ఉన్నాం.

"చదువుకోవడానికి వచ్చారా, పేరంటానికి వచ్చారా" అన్న మాట ఏదో ఒక ప్రయోగశాలలో వినని విద్యార్థిని మన కళాశాలలో ఉండదనుకుంటాను. అధ్యాపకుల మీద గౌరవంతోనే చెబుతున్నాను. బన్సెన్ బర్నర్ దగ్గర ప్లాస్టిక్ గోరు ప్రమాదం, పొడుగు గోరు చేతితొడుగును చింపుతుంది, నిజమే. దాన్ని భద్రత మాటగా చెప్పండి సార్, వింటాం. పేరంటం మాట ఎందుకు? ఆషాఢంలో గోరింటాకు పెట్టుకు వస్తే "ఎంత పండిందమ్మా" అని మురిసిపోయే మేడమ్ గారే కార్తీకంలో రంగు చూసి ముఖం చిట్లిస్తారు. మా వైపు మైదాకు అంటాం. ఆ ఆకులో లాసోన్ అనే రసాయనమే గోటి కెరటిన్‌ను పట్టుకుని ఎర్రబరుస్తుంది. అదీ రంగే, ఇదీ రంగే. పైగా సంప్రదాయం పేరుతో బజార్లో అమ్మే నల్ల మెహందీ కోన్లలో జుట్టుకు వేసే రంగు రసాయనం కలిపి చేతులు పొక్కించుకున్నవారు లేకపోలేదు. వాళ్ళనెవరూ ఫ్యాషన్ చేశారని తిట్టరు, అయ్యో పాపమంటారు.

రంగు వద్దని నేననడం లేదు. మామూలు రంగుతో పెద్ద పేచీ లేదు. ఆపరేషనుకు వెళ్ళేముందు తీసేయమంటారు. వేలికి తగిలించే ఆక్సిజన్ కొలమానం ముదురు నీలం, నలుపు రంగుల కింద లెక్క తప్పవచ్చు కనుక. అంతవరకే. శ్రమచేసే చేతికి సింగారం తగదని చెప్పేవారితోనే నాకు పేచీ. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు యాసంగి నాట్లు నడుస్తున్నాయి. రాత్రి అమ్మ చేతులకు రంగు వేశాను. "బురదల పెట్టే చేతులకు ఇదెందుకే" అంటూనే చెయ్యి చాపింది. మర్నాడు సాయంత్రానికి ఆమె వరసలో నాటేవాళ్ళు నలుగురు మా అరుగు మీద చేతులు చాచి కూర్చున్నారు. ఒకామెకు గోరుచుట్టు ఉంది. దానికి మాత్రం వేయనన్నాను, మిగతా తొమ్మిదింటికీ వేయించుకుంది. మూడోరోజుకు బురదలో అంతా కొట్టుకుపోయింది. "ఇంకో సీసా తే బిడ్డా" అని చెప్పి పంపారు.

విద్యార్థి సంఘానికి నా కోరికలు చిన్నవే. ఎన్నికలప్పుడు మెస్ ఛార్జీల కరపత్రాలు వేస్తారు, అందులో దీనికి రెండు వాక్యాలు ఇవ్వండి. మన ఆరోగ్యకేంద్రానికి నెలకొక రోజైనా చర్మవైద్యురాలు వచ్చేట్టు అధికారులను అడగండి. ఆ గది ముందు ఎందుకొచ్చావని ఎవరూ అడగకుండా చూడండి. ఇంట్లో జెల్ సెట్లు వాడవద్దని, ముఖ్యంగా పేరూ ఊరూ లేనివి, హాస్టలు నోటీసు బోర్డులో తెలుగులో పెట్టండి.

అంతవరకు, మీ దగ్గరున్న సీసా మంచిదో కాదో చూపించుకోవాలనుకునేవారు మా గదికి రావచ్చు. ఆదివారం నాలుగు తర్వాత, రెండో అంతస్తు, మెట్ల పక్క గది. కింద పరుచుకోవడానికి పాత పేపరు మీరే తెచ్చుకోండి. మా దగ్గరివన్నీ అయిపోయాయి.