ముందు పరీక్ష, తరువాత మందు

పిల్లలూ! మా వీధిలో ఒక అవ్వ ఉంది. పత్తి ఏరి, నాట్లు వేసి ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. ఆపరేషను చేసి లోహం, ప్లాస్టిక్‌లతో చేసిన కీలు అమర్చారు. రెండేళ్ళు హాయిగా నడిచింది. తరువాత మోకాలు వాచింది. ఇంటివాళ్ళు మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చి వేశారు. కొంచెం తగ్గి, మళ్ళీ వాచింది. చివరికి పెద్దాసుపత్రికి తీసుకుపోతే డాక్టరుగారు మొట్టమొదట అడిగిన ప్రశ్న ఇది: "మాత్రలేమైనా వేశారా?"

ఎందుకడిగారు? అది తెలియాలంటే కీలు లోపలికి చూడాలి.

మన కీళ్ళలో నూనెలాంటి చిక్కని ద్రవం కొద్దిగా ఉంటుంది. కృత్రిమ కీలు చుట్టూ కూడా ద్రవం చేరుతుంది. నూటికి ఒకరిద్దరికి ఆ కీలులో సూక్ష్మజీవులు చేరతాయి. నీళ్ళ తొట్టి గోడకు పాచి పట్టినట్లు అవి లోహానికి అంటుకొని, జిగురు పొర కప్పుకొని కూర్చుంటాయి. ఆ పొర లోపల ఉన్నవాటిని మందు సులభంగా చంపలేదు. కీలు వదులైనా నొప్పే, సూక్ష్మజీవులు చేరినా నొప్పే. కాని చికిత్సలు వేరు. పొరపాటు పడితే అవ్వకు మరో ఆపరేషను తప్పదు.

కాబట్టి డాక్టర్లు సూదితో కీలు ద్రవం తీసి పరీక్షిస్తారు. అందులోని సూక్ష్మజీవులను ప్రయోగశాలలో పెంచి చూస్తారు. దీనికి రోజులు పడుతుంది. మెల్లగా పెరిగే వాటికి రెండు వారాలు కూడా కావచ్చు. ముందే మాత్రలు వేసుకుంటే అవి పెరగకపోవచ్చు. దొంగ ఇంట్లోనే ఉన్నా అడుగుల గుర్తులు చెరిపేసినట్లవుతుంది!

దొంగ దొరకకపోయినా, వాడితో పోరాడిన కాపలావాళ్ళ జాడ దొరుకుతుంది. ఆ కాపలావాళ్ళే తెల్లరక్తకణాలు. ఆరోగ్యమైన కీలులో ఒక ఘన మిల్లీమీటరు ద్రవానికి ఇవి 200 కంటె తక్కువ. ఆపరేషనై చాలాకాలమైన కృత్రిమ కీలులో 3,000 దాటితే అనుమానించాలి. ఈ కణాలు ఒక ఎంజైమును విడుదల చేస్తాయి. మూత్ర పరీక్షకు వాడే కాగితపు పట్టీపై ఒక చుక్క కీలు ద్రవం వేస్తే, ఆ ఎంజైము ఉన్నప్పుడు రెండు నిమిషాల్లో ఊదారంగు వస్తుంది. మీరు లిట్మస్ కాగితంతో చేసే పరీక్షలాంటిదే! అవే కణాలు ఆల్ఫా డిఫెన్సిన్ అనే చిన్న ప్రోటీనును కూడా వదులుతాయి. అది సూక్ష్మజీవి పొరకు చిల్లులు పొడుస్తుంది. దానినీ కొలవవచ్చు, కాని ఆ పరీక్ష ఖరీదెక్కువ.

ఏ ఒక్క గుర్తునూ గుడ్డిగా నమ్మరాదు. ద్రవంలో రక్తం కలిస్తే పట్టీ రంగు సరిగా తెలియదు. లోహపు రజను వల్ల కీలు వాచినా ఆల్ఫా డిఫెన్సిన్ పెరగవచ్చు. అందుకే 2018లో నిపుణులు ఒక మార్కుల పద్ధతి రూపొందించారు. పట్టీ రంగుకు 3, ఆల్ఫా డిఫెన్సిన్‌కు 3, రక్తంలోని గుర్తులకు మరికొన్ని మార్కులు. మొత్తం 6 చేరితే సూక్ష్మజీవులు ఉన్నట్లే లెక్క.

"పేదవాళ్ళకు ఇన్ని పరీక్షలెందుకు? మాత్రలు చవక కదా!" అని కొందరంటారు. నేను ఒప్పుకోను. కాగితపు పట్టీ, సూక్ష్మదర్శిని ఖరీదైనవి కావు. కీళ్ళ ఆపరేషను చేసే ప్రతి ఆసుపత్రిలో అవి సిద్ధంగా ఉండాలి. ఖరీదైన పరీక్షను సందేహం తీరనివారికి మాత్రమే ఉంచుకోవచ్చు. చవక మాత్ర వల్ల జాడ చెరిగి, కీలు మొత్తం తీసి కొత్తది వేయవలసి వస్తే, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? ఆ నొప్పి ఎవరు భరిస్తారు?

అయితే ఒక జాగ్రత్త. కీలులో సూది గుచ్చడం నిపుణుడైన డాక్టరు, శుభ్రమైన గదిలో చేయవలసిన పని. తీవ్రమైన జ్వరంతో ప్రాణం మీదికి వస్తే డాక్టరే వెంటనే మందు మొదలుపెట్టవచ్చు. అది వేరు.

మీ ఇంట్లో తాతయ్యకో, అమ్మమ్మకో కృత్రిమ కీలు ఉందా? అది వాచినా, వేడిగా ఉన్నా, చీము కారినా సొంతంగా మాత్రలు వేయనివ్వకండి. వెంటనే ఆపరేషను చేసిన డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళమని పెద్దలకు చెప్పండి. "ముందు పరీక్ష, తరువాత మందు" అని చెప్పడానికి పెద్ద చదువులు అక్కరలేదు. తరగతిలో నేర్చిన సైన్సు ఇంటికి పనికివచ్చేది ఇలాగే కదా!