నింద పైకి, పేరు కిందికి

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన తొలి ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో కూలిపోయింది. కంప్యూటర్ ఆపమన్నా, నిపుణుల మాట నమ్మి ప్రయోగానికి సరేనన్నది తానేనని ప్రాజెక్టు సారథి అబ్దుల్ కలాం తర్వాత ఎన్నోసార్లు చెప్పారు. కానీ ఆరోజు విలేకరుల ముందు బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం ఆయన కలాంనే మాట్లాడమన్నారు.

దీన్ని పెద్దమనసుకు నిదర్శనంగా చెప్పుకుంటాం. ఆఫీసు రాజకీయాలకు విరుగుడు కూడా ఇందులోనే ఉంది. తప్పు జరిగితే వేటు ఎవరి మీద పడుతుందో తెలియని చోట, ప్రతి ఉద్యోగీ ముందుజాగ్రత్తగా పక్కవాడి తప్పులు పోగేస్తాడు. పని చేసినా పేరు రాదనుకున్న చోట పైఅధికారి గది చుట్టూ కోటరీ కడతారు. చాడీలకూ పైరవీలకూ మూలం ఈ అభద్రతే. దాన్ని పెంచేదీ తుంచేదీ పైన కూర్చున్నవారి నడవడి.

హైదరాబాద్ చూసిన సత్యం కంప్యూటర్స్ ఉదంతం దీనికి రెండో ముఖం. 2008 సెప్టెంబరులో ఆ కంపెనీకి సుపరిపాలన పేరిట గోల్డెన్ పీకాక్ పురస్కారం దక్కింది. డిసెంబరు 16న ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థల కొనుగోలుకు స్వతంత్ర డైరెక్టర్లున్న బోర్డే ఏకగ్రీవంగా తలూపింది. మదుపరులు భగ్గుమన్నాకే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న లెక్కల మోసాన్ని రామలింగరాజే లేఖలో ఒప్పుకొన్నారు. నియమావళి ఉంది, కమిటీలున్నాయి. అధినేతకు ‘వద్దు’ అని గట్టిగా చెప్పి ఆపగల గొంతే కరవైంది. ఆ మౌనానికి మూల్యం చెల్లించింది మాత్రం ఏ పాపమూ ఎరగని వేలాది ఉద్యోగులు.

నాయకుడు నీతిమంతుడైతే పోటీ మాయమవుతుందా అని అడగవచ్చు. మాయం కాదు, కాకూడదు కూడా. పదోన్నతి కోరుకోవడం తప్పు కాదు. ఆ కోరికను పనివైపు మళ్లిస్తామా, గుసగుసల వైపా అన్నదే తేడా. మంచి అధికారి బదిలీ అయిన మర్నాడే పాత కోటరీ తిరిగొచ్చిన ఆఫీసులు మనకు కొత్త కాదు. అందుకే మంచితనాన్ని పద్ధతిగా మార్చాలి. పదోన్నతికి కొలమానాలేమిటో ఏడాది మొదట్లోనే అందరికీ తెలియాలి. ఒకరిపై ఫిర్యాదు వస్తే వారి వాదన వినకుండా నిర్ణయం తీసుకోకూడదు. సమావేశంలో అభ్యంతరం చెప్పినవారికి అప్రైజల్‌లో ఆ కారణంగా మార్కులు తెగకూడదు.

మీ ఆఫీసు ఎలాంటిదో తేల్చుకోవడానికి సర్వేలు అక్కర్లేదు. గత ఏడాది పైఅధికారి మాటను కాదన్న ఉద్యోగి ఇప్పుడు ఏ సీట్లో ఉన్నారో చూడండి. మిగతావారంతా ఎప్పుడో చూసేశారు.