నిత్యజీవానికీ ఆరడుగుల నేల కావాలి

ఔటర్ రింగ్ రోడ్డు పడ్డాక మేడ్చల్, శామీర్‌పేటల్లో పొలాలు వెంచర్లయ్యాయి. మేడ్చల్‌లో హెపటైటిస్-బి టీకా తయారైంది. శామీర్‌పేట జీనోమ్ వ్యాలీ నుంచి కొవాగ్జిన్ దేశమంతటికీ వెళ్లింది. చావును వెనక్కి నెట్టే పని ఇంత జోరుగా సాగే ప్రాంతం మన రాష్ట్రంలో మరొకటి లేదేమో! అయితే ఏ టీకా అయినా చావును వాయిదా వేస్తుందే తప్ప రద్దు చేయదు. వెంచర్ బ్రోచర్లలో క్లబ్ హౌస్ కనిపిస్తుంది, ఈత కొలను కనిపిస్తుంది; శ్మశానం మాత్రం కనిపించదు. ఇక్కడ ఇల్లు కొనుక్కున్న క్రైస్తవ కుటుంబానికి ఆ వెలితి స్థలం సమస్యే కాదు, విశ్వాసానికీ సంబంధించినదే.

క్రైస్తవుల నిరీక్షణ అంటే ఆత్మ ఎగిరిపోయి పైలోకం చేరడమేనని చాలామంది అనుకుంటారు. కొందరు పాస్టర్ల ప్రసంగాలు కూడా అక్కడితో ఆగిపోతాయి. కానీ విశ్వాస ప్రమాణంలో సంఘమంతా కలిసి ఒప్పుకునేది శరీర పునరుత్థానాన్ని. కొరింథీయులకు రాసిన మొదటి లేఖ పదిహేనో అధ్యాయంలో పౌలు వాదమంతా దీని మీదే నడుస్తుంది: క్రీస్తు లేవకపోతే మా ప్రకటనే వ్యర్థం అంటాడు. అంత పెద్ద అధ్యాయాన్ని పరలోక వర్ణనతో ముగించకుండా, స్థిరంగా ఉండి పని చేయండి, మీ కష్టం వృథా కాదు అని ముగిస్తాడు. లేవబోయే దేహమైతే దాన్ని ఈ రోజు చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు.

పరలోకం ఆశ చూపి ఇహలోక బాధలను మరిపించే మత్తుమందు ఈ విశ్వాసమని మార్క్స్ కాలం నుంచీ విమర్శ ఉంది. కొన్ని స్వస్థత సభలు చూస్తే ఆ విమర్శకు బలం లేదనలేం. కానీ మేడ్చల్ మీదుగా వెళ్లే జాతీయ రహదారి 44 పైనే ఉత్తరాన డిచ్‌పల్లి వస్తుంది. అక్కడ 1915లో మెథడిస్టు మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠు రోగుల ఆస్పత్రి తెరిచారు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత దానికి ధనసాయం చేశారు. ఊరు వెలివేసిన దేహాలకు కట్లు కట్టిన ఆ విశ్వాసాన్ని మత్తు అనడం కష్టం.

మరో ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది: దేవుడు లేపగలిగితే బూడిద నుంచైనా లేపుతాడు కదా, నేల కోసం ఈ పట్టుదల ఎందుకు? నిజమే. క్రీ.శ. 177లో లియోన్‌లో హతసాక్షుల దేహాలను కాల్చి, ఎలా లేస్తారో చూద్దామని బూడిదను రోన్ నదిలో కలిపారు. సంఘం ఆశ వదులుకోలేదు. కతోలిక సంఘం 1963లో దహనాన్ని అనుమతించింది కూడా. అంటే రక్షణ సమాధి మీద ఆధారపడదు. కానీ దహనమా, భూస్థాపనా అన్నది కుటుంబం తేల్చుకోవాలి. స్థలం కరువు తేల్చకూడదు. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌ బస్తర్‌లో ఒక పాస్టర్ దేహం దాదాపు మూడు వారాలు మార్చురీలో ఉండిపోయింది. సొంత ఊళ్లో పాతిపెట్టడంపై సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులూ ఏకీభవించలేదు. చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని క్రైస్తవ శ్మశానానికి తరలించాల్సి వచ్చింది.

ప్రభుత్వాన్ని అడిగే ముందు సంఘాలు తమ గేట్లు చూసుకోవాలి. తిరుచిరాపల్లిలోని మేలపుదూర్ కతోలిక శ్మశానంలో దళితుల సమాధులను వేరుచేస్తూ గోడ కట్టారు. అందరూ ఒకే పిలుపుకు లేస్తారని నమ్మేవాళ్ల మధ్య ఆ గోడకు చోటెక్కడిది? సభ్యత్వం లేదనో, వేరే డినామినేషన్ అనో దేహాన్ని గేటు దగ్గర ఆపడమూ అలాంటిదే. పల్లె ప్రగతి కింద తెలంగాణ పంచాయతీల్లో వైకుంఠధామాలు (శ్మశానవాటికలు) కట్టారు. అదే చొరవతో మేడ్చల్, శామీర్‌పేటల్లో కొత్త లేఔట్లకు అనుమతి ఇచ్చే దశలోనే క్రైస్తవులకూ ముస్లింలకూ భూస్థాపన స్థలం గుర్తించాలి. ఆ స్థలాన్ని సంఘాలన్నీ ఉమ్మడిగా, కులం అడగకుండా నిర్వహించాలి. ఎకరం ధర ఇంకా పెరగకముందే అధికారులూ బిషప్పులూ పాస్టర్లూ కలిసి కూర్చోవాలి.