టోటల్ కౌంట్ నార్మల్ అని ఊరుకోకండి

జ్వరం రాగానే సీబీపీ చేయిస్తున్నాం. రిపోర్టులో ప్లేట్‌లెట్లు ఎన్ని, టోటల్ కౌంట్ ఎంత అని చూసి మడిచి జేబులో పెట్టేస్తున్నాం. అసలు ముప్పు ఒక్కోసారి ఆ కింది వరుసల్లో ఉంటుంది.

టోటల్ కౌంట్, అంటే మొత్తం తెల్లకణాలు, 7,800 వచ్చిందనుకోండి. 4,000-11,000 మధ్యే కాబట్టి నార్మల్. కానీ డిఫరెన్షియల్ కౌంట్‌లో ‘బ్యాండ్ సెల్స్ 18%’ అని ఉంటే అది నార్మల్ రిపోర్టు కాదు. ఎముక మజ్జలో తెల్లకణాలు ఎదిగాకే రక్తంలోకి రావాలి. ఇన్‌ఫెక్షన్ ముదిరితే మజ్జ లేత కణాలనూ బయటికి తోసేస్తుంది. అలాంటి లేత కణాలైన బ్యాండ్ సెల్స్ 10% దాటితే సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలను దెబ్బతీసే స్థితి) ఉందేమోనని డాక్టర్లు చూసేది అందుకే. లేత కణాలు పెరిగి, టోటల్ కౌంట్ 4,000 లోపు పడిపోతే ఇంకా ప్రమాదం. ఖర్చవుతున్నన్ని కణాలను మజ్జ అందించలేకపోతోందేమో!

జ్వరంతోపాటు ఆయాసం, మత్తు, మాట తడబడటం, మూత్రం తగ్గడం కనిపిస్తే ఇంట్లో సెలైన్ ఎక్కించుకుంటూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. సెప్టిక్ షాక్‌లో గంటలోపే యాంటీబయాటిక్ పడాలి.

రిపోర్టులో ‘బ్లాస్ట్స్’ (మరీ లేత కణాలు) అని ఉంటే అది మరో హెచ్చరిక. బ్లడ్ క్యాన్సర్ అవునో కాదో ఆలస్యం చేయకుండా తేల్చుకోవాలి. ‘ప్రోమైలోసైట్స్’ ఎక్కువగా ఉండి, చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా, ఒంటిమీద కమిలిన మచ్చలు వస్తున్నా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. ప్రోమైలోసైట్స్ పెరిగే రకం లుకేమియాలో (బ్లడ్ క్యాన్సర్‌లో) రక్తస్రావమే ప్రాణం తీస్తుంది. సకాలంలో మందు పడితే మాత్రం చాలామంది కోలుకుంటారు. కారణం తేలకుండా జ్వరానికీ కీళ్ల నొప్పులకూ స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకోవద్దు. పిల్లల్లో అది లుకేమియాను కొంతకాలం కప్పిపెట్టగలదు.

అలాగని లేత కణాలు కనిపించిన ప్రతిసారీ హడలిపోనక్కర్లేదు. గర్భిణుల్లోనూ, కీమో తర్వాత కౌంట్ పెంచే ఇంజెక్షన్లు తీసుకున్నవారిలోనూ అవి కొంత పెరుగుతాయి. అది మామూలు పెరుగుదలో కాదో చెప్పాల్సింది డాక్టరే.

ల్యాబులకూ ఒక మాట. మెషీన్ లేత కణాలున్నాయని ఫ్లాగ్ చూపిస్తే ప్రింటు తీసి చేతిలో పెట్టి పంపొద్దు. స్మియర్‌ను పాథాలజిస్టుకు చూపించండి, డాక్టరుకు ఫోన్ చేయండి. రోగి బంధువులారా, రిపోర్టు మొత్తం డాక్టరుకు చూపించి, లేత కణాలు ఉన్నాయా అని అడగండి. రేపటిదాకా ఆగకండి.