ఇల్లు వదలాల్సింది ఎవరు?

లీక్టెన్‌స్టైన్ పేరు మనలో చాలామంది విని ఉండరు. స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల మధ్య 160 చదరపు కిలోమీటర్ల నేల, సుమారు 40 వేల జనాభా. మన మండలాల్లో అంతకన్నా పెద్దవి ఎన్నో ఉన్నాయి. 1868లో సైన్యాన్ని రద్దు చేసుకున్న ఆ దేశానికి మిగిలింది జాతీయ పోలీసు దళం ఒక్కటే. సిబ్బంది అంతా కలిపినా రెండు వందల మంది ఉండరు. ఇంత చిన్న దళంతో మనకేం పని అనవచ్చు. గృహహింసపై పనిచేసేవాళ్లు అక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది.

చిన్న దేశం అనగానే అందరూ ఒకే కుటుంబంలా ఉంటారని చెబుతారు. కుటుంబం స్త్రీలకు ఏ మేరకు రక్షణో మనకు తెలియనిది కాదు. ఆ ‘కుటుంబం’లో 1971లో, 1973లో మగవాళ్లే ఓట్లు వేసి స్త్రీలకు ఓటు హక్కు వద్దన్నారు. 1984లో మాత్రమే, అదీ 51 శాతం పైచిలుకు ఓట్లతో, ఆ హక్కు దక్కింది. అందరూ అందరికీ తెలిసిన చోట, వచ్చిన పోలీసు భర్తకు బాల్య స్నేహితుడు కావచ్చు. స్టేషన్ మెట్లెక్కితే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోవచ్చు. మన పల్లెల్లో జరిగేదీ ఇదే కదా!

అలాంటి దేశం, ఆస్ట్రియాలో 1997లో అమలులోకి వచ్చిన చట్టం బాటలోనే, 2001లో హింస నుంచి రక్షణ చట్టం తెచ్చుకుంది. దాని సారం ఒక్కటే. కొట్టేవాణ్ణి పోలీసులు అక్కడికక్కడే ఇంటి నుంచి పంపించి, కొంతకాలం గడప తొక్కకుండా నిషేధించవచ్చు. ఆ వ్యవధిలో ఆమె కోర్టుకు వెళ్లి రక్షణను పొడిగించుకోవచ్చు. పిల్లల్ని చంకనేసుకుని అర్ధరాత్రి వీధిన పడవలసిన అవసరం ఆమెకు లేదు.

మన 2005 గృహహింస చట్టం 19వ సెక్షన్ కూడా అతణ్ణి ఇల్లు వదలమనవచ్చునని చెబుతుంది. అయితే ఆ ఉత్తర్వు ఇవ్వవలసింది మేజిస్ట్రేటు. రాత్రి ఫోను అందుకుని వచ్చిన ఎస్సై ఈ చట్టం కింద చేయవలసింది ఆమెకు హక్కులు తెలియజెప్పడం. ఆచరణలో వినిపించేది ‘సర్దుకుపో అమ్మా’ అన్న మాటే. ఆ రాత్రికీ కోర్టు ఉత్తర్వుకూ మధ్య ఆమె ఎక్కడుండాలి? పుట్టింట్లోనో, వసతి గృహంలోనో. అంటే నేరం అతనిది, వనవాసం ఆమెది.

పోలీసులకు మరింత అధికారం ఇద్దామా అని మన మిత్రులు కొందరు అడుగుతారు. 1978 నాటి హైదరాబాద్ నల్లకుంట స్టేషన్ ఉదంతం తెలిసినవాళ్లకు ఆ భయం సహజం. నాకూ ఉంది. కానీ అధికారం ఇవ్వకపోవడం వల్ల పోలీసుల పక్షపాతం తగ్గలేదు. ఏమీ చేయకుండా తిరిగి వెళ్లడం కూడా ఒక పక్షం వహించడమే. కాబట్టి మనం అడగవలసింది హద్దులున్న అధికారం: కొద్ది రోజులకే పరిమితమైనది, రాతపూర్వకమైనది, వెంటనే కోర్టు పరిశీలనకు లోబడేది. పంపకుండా వదిలేస్తే అందుకు కారణం కూడా పోలీసు రాసి సంతకం పెట్టాలి.

చట్టంతోనే హింస ఆగదు. ఓటు కోసం 1984 దాకా ఎదురుచూసిన ఆ స్త్రీలకు ఇది మనకన్నా బాగా తెలిసి ఉంటుంది. కానీ, ‘ఇల్లు వదిలి ఎక్కడికి వెళ్తావు?’ అని ఇన్నేళ్లుగా ఆమెను అడుగుతున్నాం. ఆ ప్రశ్న ఇకనుంచి అతణ్ణి అడగాలి.