తప్పు తలది కాదు

"తల ఎత్తకోయ్ బామ్మర్దీ, బంతి అదే తిన్నగా పోతుంది."

డాలస్ శివార్లలో గోల్ఫ్ ప్రాక్టీసు మైదానంలో మా బావగారు నాకు చేసిన ఉపదేశం ఇది. ఇద్దరిదీ మైలవరమే. మామిడితోటల్లో బిళ్ళంగోడు ఆడినవాళ్ళం. అరవై దాటాక కొడుకుల పుణ్యమా అని గోల్ఫ్ కర్ర పట్టాం. ఆయన ఒక్కరే అనుంటే ఊరుకునేవాణ్ణి. నలుగురు మనవాళ్ళు చేరిన చోటల్లా స్లైస్‌కి ఇదే మందు చెబుతున్నారు.

స్లైస్ అంటే కుడిచేతివాటం మనిషి కొట్టిన బంతి గాల్లో కుడికి ఒంపు తిరిగి పొదల పాలవడం. తల ఎత్తితే అది వస్తుందంటే మరి గోల్ఫ్ క్రీడాకారిణి ఆనికా సోరెన్‌స్టామ్ సంగతేమిటి? కర్ర బంతిని తాకే వేళకే ఆమె ముఖం లక్ష్యం వైపు తిరిగిపోయి ఉంటుంది. ఆ తలతోనే పది మేజర్ టోర్నీలు గెలిచింది. 2001లో ఒక రౌండును 59 దెబ్బల్లో ముగించింది. డేవిడ్ డువాల్‌దీ అదే అలవాటు. 1999లో ప్రపంచ నంబర్ వన్, 2001లో బ్రిటిష్ ఓపెన్ విజేత. ఒళ్ళంతా పైకి లేపితే బంతి నేలబారుగా దొర్లుతుంది, నిజమే. అది వేరే రోగం.

స్లైస్‌కి కారణం కర్ర ముఖం, అంటే బంతిని తాకే చదును భాగం. ఆ ముఖం ఎటు చూస్తోంది, కర్ర ఎటు కదులుతోంది, ఈ రెంటికీ మధ్య ఎంత తేడా ఉంది అన్నదే లెక్క. కర్ర వెళ్ళే దారికంటే ముఖం కుడికి తెరుచుకుని ఉంటే బంతి కుడికి వాలిన ఇరుసు మీద తిరుగుతుంది, అటే వంగుతుంది. వాలు రాకెట్‌తో కొట్టిన టెన్నిస్ బంతి వంగడం గురించి న్యూటన్ 1672లోనే రాశాడు. బంతి మొదట కర్ర దారినే బయలుదేరుతుందని పాత పుస్తకాలు నేర్పాయి. రాడార్ యంత్రాలు వచ్చాక అది తప్పని తేలింది. డ్రైవర్ అనే పొడవాటి కర్రతో కొట్టిన బంతి బయలుదేరే దిక్కులో సుమారు 85 శాతం ముఖానిదే.

ఇక రెండో ఉపదేశం: "కుడికి పోతోంది కదా, ఎడమకి గురిపెట్టు." ఇది మందు రూపంలో ఉన్న విషం. ఎడమకి నిలబడితే భుజాలు ఎడమకి, వాటి వెంట కర్ర దారీ ఎడమకి. కళ్ళు మాత్రం జెండా మీదే ఉంటాయి, చేతులు ముఖాన్ని అటే తిప్పుతాయి. తేడా పెరిగింది, ఒంపూ పెరిగింది. మర్నాడు ఇంకాస్త ఎడమకి!

"చిన్నప్పటి బిళ్ళంగోడు చేసిన పాపమిది" అనడం ఆయనకి ఇంకో సరదా. ఇందులో మాత్రం ఆవగింజంత నిజముంది, ఆయన అనుకునే నిజం కాదు. గోడు గుండ్రం. దానికి ముఖమే లేదు. బిళ్ళ ఎటుపోయినా దూరం పోతే చాలు. ఆ చేతులకి ముఖాన్ని మూయడమనే పనే తెలియదు. కుర్రతనంలో క్రికెట్ బ్యాట్ పట్టినవాళ్ళకి ఈ సంగతి సులువుగా ఎక్కుతుంది. తెరుచుకున్న బ్యాట్ బంతిని పాయింట్ వైపు పంపడం వాళ్ళు చూసిందే.

కాబట్టి ముందు పట్టు చూసుకోవాలి. కిందికి చూస్తే ఎడమచేతి మెటికలు రెండో మూడో కనబడాలి. ఒకటే కనబడితే ముఖం తెరుచుకునే ప్రమాదం ఎక్కువ. తర్వాత దారి. బంతికి ఓ జానెడు వెనక, అవతలి పక్కన ఖాళీ నీళ్ళసీసా పెట్టి, దాన్ని తాకకుండా కొట్టండి. కిందికి దించేటప్పుడు కుడిభుజం ముందుకు తోసుకొచ్చేవాడు సీసాని ఎగరగొడతాడు. మూడోది ఎవరూ చెప్పరు: డ్రైవర్ ముఖంలో మడమవైపు, అంటే కాడకి దగ్గరి వైపు, తగిలినా బంతి కుడికే వంగుతుంది, పట్టూ దారీ బాగున్నా సరే. ముఖానికి సుద్ద రాసి కొడితే మచ్చ ఎక్కడ పడిందో తెలిసిపోతుంది.

ఒంపంటేనే పాపమనీ కాదు. లీ ట్రెవినో కుడికి వంగే బంతితోనే ఆరు మేజర్లు గెలిచాడు. హైదరాబాద్ నుంచి వెళ్ళిన దంపతుల కొడుకు సాహిత్ తీగల 2023లో నాపాలో తొలి పీజీఏ టూర్ టైటిల్ గెలిచాడు. బంతిని ఇటూ అటూ వంచడం అతనికి సరదా. వాళ్ళు వంచుతారు, మనకి వంగుతుంది.

మొన్న బావగారి డ్రైవర్‌కి సుద్ద పూసి కొట్టించాను. బంతి యథాప్రకారం కుడికే. మచ్చ సరిగ్గా మడమ దగ్గర. ఆయన దాన్ని తుడిచేసి, "ఈసారి నేనూ తల ఎత్తానేమోనోయ్" అన్నారు.